రెండు నదుల నడుమ కేరో

నదులు కలియు చోట మహానగరము వెలసి తీరునని నమ్మినవారు పలు దేశములందు కలరు. ఆ నమ్మకము అమెరికాలోని ఒక చిన్న పట్టణము విషయమున ఎంతవరకు నిలిచినదో శ్రోతలకు వివరించుచున్నాము.

ఇల్లినాయ్ రాష్ట్రపు దక్షిణాగ్రమున, ఈశాన్యము నుండి వచ్చు ఒహాయో నది మిసిసిపీతో కలియు చోట ఈ పట్టణమున్నది. ఈజిప్టు రాజధాని కైరో పేరే దీనికి పెట్టిరి. స్థానికులు మాత్రము కేరో అని పలుకుదురు. రాష్ట్రమంతటిలో మిక్కిలి పల్లపు నేల ఆ సంగమము చెంతనే కలదు. కావున ఊరు ఎత్తైన కరకట్టల నడుమ ఒదిగియున్నది.

1818లో బాల్టిమోరు వర్తకుడు జాన్ కొమెగిస్ ఇచ్చట నగరమును, బ్యాంకును నెలకొల్పుటకు అనుమతి పొందెను. కొలదికాలమునకే ఆయన మరణించుటతో ఆ యత్నము ఆగిపోయినది. 1837లో డేరియస్ హోల్‌బ్రూక్ కంపెనీ స్థాపించి, లండనులో ఋణపత్రములమ్మి పని సాగించెను. 1840లో అచ్చటి బ్యాంకు దివాలా తీయగా జనులు ఊరు విడిచిరి. 1842లో అటుగా పోయిన నవలాకారుడు డికెన్సు ఈ స్థలమును తన యాత్రాగ్రంథమున తీవ్రముగా నిందించెను.

ఊరికి ప్రాణము పోసినది రైలు. 1850 దశకపు నడుమ ఇల్లినాయ్ సెంట్రల్ రైలుమార్గము వచ్చెను. 1858లో కేరో నగరముగా గుర్తింపు పొందెను. అంతర్యుద్ధకాలమున, 1861లో, గ్రాంటు సేనాని ఇచ్చట మకాము చేసి, మరుసటి ఫిబ్రవరిలో హెన్రీ, డోనెల్సన్ కోటలపైకి దండు నడిపెను.

రైలునుండి పడవలోనికి, పడవనుండి రైలులోనికి సరుకు మారుటయే కేరోకు జీవనాధారము. బండ్లను సైతము పడవలపైనే నది దాటించెడివారు. 1889లో ఒహాయోపై వంతెన పూర్తికాగా అవి ఆగక సాగిపోజొచ్చినవి. పడవల వర్తకమును క్రమముగా తగ్గినది.

అంతకు మించిన నష్టము ఊరిలోపలనే కలిగినది. తమకు ఉద్యోగములీయని దుకాణములను నల్లజాతివారు 1969 మొదలు కొన్నేండ్లు బహిష్కరించిరి. పెక్కుమంది యజమానులు పట్టు సడలింపక దుకాణములు మూసికొనిరి. 1920లో 15,203గా నున్న జనసంఖ్య 2020 నాటికి 1,733కు దిగినది.

2011 మే 2న, వరద ఉధృతినుండి కేరోను కాపాడుటకు సైనిక ఇంజనీర్లు మిస్సోరీవైపు గట్టును పేల్చి, సుమారు 1,30,000 ఎకరముల భూమిపైకి నీరు వదలిరి. పొలములు మునిగినవి, పట్టణము నిలిచినది. నగరము పుట్టుటకు సంగమము తోడ్పడవచ్చును. అది వర్ధిల్లుటకు అందలి జనుల పొత్తును కావలయునని కేరో చరిత్ర చెప్పుచున్నది.