మొదటి బైక్ కొంటున్నారా? సీసీ కంటే ముందు ఇవి చూడండి

ఫోన్ కొనేటప్పుడు ర్యామ్, బ్యాటరీ, కెమెరా అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తాం. ఏది ఎక్కువుంటే అది మేలని చాలావరకు తేల్చేయొచ్చు. మొదటిసారి గేర్ బండి కొనేవాళ్లు కూడా అదే అలవాటుతో "ఎన్ని సీసీ?" అని అడుగుతారు. ఇక్కడ ఆ లెక్క పనిచేయదు. ఫోన్ చేతికి కొంచెం పెద్దదైనా సర్దుకుపోతాం, బండి ఒంటికి సరిపోకపోతే కింద పడతాం.

సీసీ అంటే ఇంజిన్ సిలిండర్ లోపలి కొలత మాత్రమే. బండి ఎంత దూకుడుగా వెళ్తుందో అది చెప్పదు. రాయల్ ఎన్‌ఫీల్డ్ హంటర్ 350ది 349 సీసీ ఇంజిన్, పవర్ దాదాపు 20 హార్స్‌పవర్. కేటీఎం 200 డ్యూక్‌కి సీసీ 200 లోపే, పవర్ మాత్రం 25 దగ్గర! పైగా హంటర్ కంటే తేలిక. హంటర్ నింపాదిగా లాగుతుంది. డ్యూక్ ఆర్‌పీఎం పెరిగేకొద్దీ ఒక్కసారిగా ఎగబడుతుంది. క్లచ్ మెల్లగా వదలడం ఇంకా అలవాటు కానివాళ్లకు అది చిక్కే. అలాగని హంటర్ సులువని కాదు, దాని బరువు 181 కిలోలు.

బరువు, సీటు ఎత్తు

కొత్తవాళ్లు పడేది 80 స్పీడులోనే అనుకుంటారు. నిజానికి చాలాసార్లు బండి దాదాపు ఆగి ఉన్నప్పుడే పడతారు. సిగ్నల్ దగ్గర కాలు కంకర మీద పడినప్పుడో, యూ టర్న్ మధ్యలో ఇంజిన్ ఆగిపోయినప్పుడో, అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంప్ మీద ఎదురుగా కారు వచ్చినప్పుడో. బండి ఒక హద్దు దాటి వాలిందంటే ఒంటికాలితో ఆపడం అయ్యే పని కాదు. హీరో స్ప్లెండర్ ప్లస్ సుమారు 112 కిలోలు, టీవీఎస్ రైడర్ 123. హంటర్‌తో పోలిస్తే స్ప్లెండర్ దాదాపు ఒక మనిషి బరువంత తక్కువ. ఆ తేడా స్పెక్ షీట్‌లో చిన్నగా కనిపిస్తుంది, ర్యాంప్ మీద బాగా తెలుస్తుంది.

సీటు ఎత్తు రైడర్‌ది 780 మిల్లీమీటర్లు, యమహా ఎంటీ-15ది 810. ఎత్తు ఒక్కటే కాదు, సీటు వెడల్పుగా ఉంటే కాళ్లు పక్కకు జరిగి నేల ఇంకా దూరమవుతుంది. అందుకే షోరూమ్‌లో రోజూ వేసుకునే చెప్పులో షూలో వేసుకునే కూర్చోండి. స్టాండ్ తీసి బండి నిటారుగా పెట్టండి. రెండు పాదాల ముందు సగమైనా నేలకు గట్టిగా ఆనాలి. తర్వాత దిగి, ఇంజిన్ ఆఫ్‌లోనే ఉంచి నాలుగడుగులు వెనక్కి తోయండి, హ్యాండిల్ పూర్తిగా తిప్పి చూడండి. సేల్స్ అబ్బాయి వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

బ్రేకుల దగ్గర పొదుపు వద్దు

2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో 125 సీసీ దాటిన బండ్లకు ఏబీఎస్ తప్పనిసరి అయింది. 125, అంతకంటే తక్కువ ఉన్నవాటికి సీబీఎస్ ఉంటే చాలన్నారు. రెండూ ఒకటి కాదు. సీబీఎస్‌లో వెనక బ్రేక్ నొక్కితే ముందుది కూడా కొంత పడుతుంది, అంతే. ఏబీఎస్ మాత్రం చక్రం బిగుసుకుపోబోతుంటే బ్రేక్‌ని సెకనులో చాలాసార్లు వదిలి పట్టిస్తుంది. అడ్డంగా కుక్క వస్తే కొత్తవాళ్లు ముందు బ్రేక్‌ని గట్టిగా పట్టేస్తారు. తడి రోడ్డు మీదో ఇసుక మీదో ముందు చక్రం బిగుసుకుందంటే, సర్దుకునే టైమ్ ఉండదు. సింగిల్ ఛానల్ ఏబీఎస్ ముందు చక్రానికే పనిచేస్తుంది, మొదటి బండికి అదీ పనికొస్తుంది. 125లోనే కావాలంటే హీరో ఎక్స్‌ట్రీమ్ 125ఆర్ లాంటి వాటిలో ఏబీఎస్ వేరియంట్ ఉంది. నన్నడిగితే, టచ్‌స్క్రీన్, బ్లూటూత్ ఉన్న టాప్ వేరియంట్‌కి పెట్టే డబ్బు దీనికి పెట్టడం మేలు.

ఆన్-రోడ్ లెక్క

ఎక్స్-షోరూమ్ ధర చూసి ఈఎంఐ వేసుకోకండి. కొత్త బండికి 5 ఏళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒకేసారి కట్టాలి. 2022 జూన్‌లో వచ్చిన రేట్ల ప్రకారం 75 నుంచి 150 సీసీ వరకు రూ.3,851, 150 దాటి 350 వరకు రూ.7,365, ఆపైన రూ.15,117. జీఎస్టీ అదనం. బండి మీదే చూస్తే 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ వరకు జీఎస్టీ 18 శాతం, దాటితే 40 శాతం. లైఫ్ ట్యాక్స్ దీనికి వేరే.

బండి పడితే అయ్యే ఖర్చు కూడా ఆలోచించండి. యమహా ఆర్15 లాంటి ఫుల్ ఫెయిరింగ్ బండి నిలబడిన చోట పడినా ప్లాస్టిక్ ప్యానెల్ పగలొచ్చు. మామూలు కమ్యూటర్ అయితే చాలాసార్లు లివరో ఫుట్‌రెస్టో వంగడంతో పోతుంది.

కాలేజీకి, ఆఫీసుకి సిటీలో తిరిగేవాళ్లకు 125 చాలు. వారానికోసారి హైవే మీద ఊరెళ్లేవాళ్లు 150-160 చూసుకోవచ్చు. అంతకు మించినవి రెండో బండిగా బాగుంటాయి.

ఇంకో సంగతి. స్కూటీ మీద టెస్ట్ ఇచ్చి గేర్‌లెస్ లైసెన్స్ తెచ్చుకున్నవాళ్లు మనలో చాలామందే. దాంతో గేర్ బండి నడిపితే ఆ బండికి లైసెన్స్ లేనట్టే, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పడతారు. కాబట్టి బండి బుక్ చేసేలోపే గేర్ బండికి లర్నింగ్ లైసెన్స్ తీసుకోండి. అది 6 నెలలు చెల్లుతుంది, 30 రోజులు దాటాక టెస్ట్‌కి వెళ్లొచ్చు. ఐఎస్ఐ మార్క్ హెల్మెట్లు రెండు, ఒకటి వెనక కూర్చునేవాళ్లకి, బండి డెలివరీ రోజుకే ఇంట్లో ఉండాలి.