గుట్ట పక్కన బొగ్గు

సోలాపూర్ అశోక్ చౌక్ నుంచి మంచిర్యాలకో గోదావరిఖనికో చుట్టాలింటికి పోయేవాళ్లు సికింద్రాబాద్‌లో బండి మారి, కాజీపేట దాటాక కిటికీలోంచి గుట్టల వరుసలు చూస్తారు. బొగ్గు దొరికే చోటు కాబట్టి ఆ గుట్టల నిండా బొగ్గే ఉంటుందనుకోవడం సహజం. కానీ అక్కడ బొగ్గు గుట్టల్లో ఉండదు. వాటి పక్కన, చదునుగా, చూడ్డానికి ఏ విశేషమూ లేని పల్లపు నేల కింద ఉంటుంది.

ఎందుకో తెలియాలంటే చాలా వెనక్కి పోవాలి. సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట ఈ ప్రాంతం మంచు కింద ఉండేది. ఆ హిమానీనదాలు మోసుకొచ్చి వదిలేసిన గులకరాళ్లు, బండలు ఇప్పటికీ గోదావరి లోయలో బొగ్గు పొరల అడుగున దొరుకుతాయి. వాటిని తాల్చేరు రాళ్లంటారు. మంచు కరిగాక నేల పొడవునా పగుళ్లు పారి, వాటి నడుమ భాగం మెల్లగా కుంగుతూ వచ్చింది. ఆ పల్లంలోకి నదులు ఇసుక తెచ్చాయి, బురదనేలల్లో అడవి పెరిగింది, చచ్చిన చెట్ల మీద మళ్లీ ఇసుక పడింది. నేల కుంగడం ఆగలేదు కాబట్టి పొర మీద పొర చేరుతూనే పోయింది. ఇసుక ఇసుకరాయి అయింది, అడవి బొగ్గయింది. బొగ్గున్న ఈ పొరలకు బరాకర్ అని పేరు. వాటి పైన పేరుకున్న ఇనుప వన్నె ఇసుకరాళ్లు కామఠీ రాళ్లు. ఆ పేరు మన మహారాష్ట్రలోని నాగపూర్ పక్క ఊరిదే.

ఈ పొరలు మట్టంగా ఉండిపోతే గుట్టల కథే లేదు. రామగుండం, మంచిర్యాల, మందమర్రి, బెల్లంపల్లి వరుసలో అవి స్థూలంగా ఈశాన్యానికి వాలి ఉన్నాయి. దొంతరగా పేర్చిన సోలాపూర్ చద్దర్లను ఒక పక్క ఎత్తిపెట్టి, పైభాగాన్ని మట్టంగా కోసేశామనుకోండి. ప్రతి చద్దరు అంచూ ఒకదాని పక్కన ఒకటి చారలుగా బయటపడుతుంది. గోదావరి లోయలో ఆ కోత పని వానలు, వాగులు కోట్ల ఏళ్లు చేశాయి. అయితే అన్ని పొరల్నీ సమానంగా కోయలేకపోయాయి. బరాకర్ పొరల్లో మెత్తని రాయి ఎక్కువ, త్వరగా అరిగిపోయి పల్లమైంది. దానికి పడమటి అంచున, బొగ్గు కంటే ఎంతో పాతదైన సుల్లవాయి ఇసుకరాయి గట్టిది, నిలబడింది. పైనున్న కామఠీ రాళ్లలో ఇనుము ఇసుకరేణువుల్ని పట్టి ఉంచిన చోట్ల అవీ గుట్టలుగా మిగిలాయి.

మందమర్రి దగ్గర బొక్కలగుట్ట పక్కన గాంధారి ఖిల్లా చూసినవాళ్లకు ఇసుకరాయి ఎంత మొండిదో చెప్పక్కర్లేదు. ఆ గుట్టే కోట అయింది, నాయకపోళ్లు మైసమ్మకు జాతర చేసే చోటూ అయింది. బొగ్గు బాయి పనికి పోయేవాళ్ల ఊళ్లు మాత్రం కింద, పల్లంలో వెలిశాయి.

ఆ వాలును బట్టే గని లోతు కూడా. పొర పది డిగ్రీలు వాలిందంటే, వాలు దిశగా కిలోమీటరు పోయేసరికి బొగ్గు సుమారు 175 మీటర్లు లోపలికి దిగిపోతుంది. అందుకే అంచు బయటపడిన చోట ఓపెన్ కాస్టు, ముందుకు పోయినకొద్దీ భూగర్భ బాయి. మధ్యలో పగుళ్లు వచ్చి పొరను పైకో కిందికో జరిపేస్తే ఈ లెక్క తప్పుతుంది. అందుకే గని తవ్వేముందు వరుసగా బోర్లు వేస్తారు. 1871 ప్రాంతంలో ఇల్లందు దగ్గర బొగ్గు గుర్తించిన విలియం కింగ్‌కు ఇన్ని బోర్లు ఎక్కడివి? జియోలాజికల్ సర్వే ఉద్యోగిగా నేల మీద తిరుగుతూ, బయటపడిన పొరల్ని చదివి పట్టుకున్నాడు. నా దృష్టిలో సింగరేణి గనుల కథలో అసలు గొప్పతనం అదే.

మరి సోలాపూర్ కింద బొగ్గు లేదా? మన నల్లరాయి సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటి లావా. వార్ధా లోయలో ఈ లావా కొన్నిచోట్ల బొగ్గు పొరల్నే కప్పేసింది కాబట్టి ప్రశ్న న్యాయమైనదే. 1993 సెప్టెంబరు 30 భూకంపం తర్వాత సోలాపూర్‌కు దగ్గర్లోని కిల్లారిలో లోతైన బోరు వేశారు. 338 మీటర్ల లావా, దాని కింద కొద్దిపాటి మట్టిపొర, ఆ వెంటనే గ్రానైటు జాతి పాత రాయి వచ్చాయి. బొగ్గు పేరుకోవాల్సిన కుంగిన లోయ అక్కడ లేదు. సోలాపూర్ దగ్గర ఫతాటేవాడిలో 1320 మెగావాట్ల ఎన్‌టీపీసీ కరెంటు కేంద్రం ఉన్నా, దానికి బొగ్గు రైల్లో రావలసిందే.

ఇప్పుడు కిటికీలోంచి కనిపించే ఎత్తులన్నీ ప్రకృతివి కూడా కావు. ఓపెన్ కాస్టులో బొగ్గు మీది మట్టినీ రాయినీ తీసి పోసిన ఓబీ కుప్పలు గుట్టలకు పోటీగా పెరిగాయి. పోల్చుకోవడం కష్టం కాదు. ఓబీ కుప్ప తల చదునుగా, ఒళ్లు మెట్లుమెట్లుగా ఉంటుంది, చెట్లుంటే నాటిన వరసల్లో ఉంటాయి. అసలు గుట్టకు ఒక పక్క నిటారుగా, మరో పక్క ఏటవాలుగా ఉండటం మామూలు. ఆ ఏటవాలు ఎటుందో చూస్తే, లోపల పొరలు ఎటు దిగుతున్నాయో చాలాసార్లు ఊహించవచ్చు.