దెబ్బ కాచుకోవడం వేరు, కసి తీర్చుకోవడం వేరు

ఆత్మరక్షణ హక్కుకు చట్టం వేసిన గట్టు ఎక్కడ?

అనంతపురం: వేరుశనగ పీకి కుప్పలు వేసిన రోజుల్లో ఈ జిల్లా రైతు ఇంట్లో పడుకోడు. కంబళి, టార్చిలైటు, చేతికర్ర తీసుకుని చేలోనే కాపలా పడుకుంటాడు. ఏడాది సగటు వర్షం 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే మెట్టనేల ఇది. అదీ వేళకు పడితేనే. చేతికందిన నాలుగు మూటలు దొంగలపాలైతే మళ్లీ ఏడాది దాకా దిక్కు లేదు.

అర్ధరాత్రి కుప్ప దగ్గర అలికిడి అవుతుంది. మనిషి ఆకారం కదులుతుంది. రైతు కర్ర ఎత్తుతాడు. తరువాత జరిగేది రెప్పపాటులో జరిగిపోతుంది. తెల్లవారేసరికి ఒక ఇంటి మనిషి పెద్దాసుపత్రిలోనో శవాల గదిలోనో ఉంటాడు. మరొక ఇంటి మనిషి పోలీసు స్టేషనులో ఉంటాడు. “నా చేలోకి వచ్చినవాణ్ణి నేను కొట్టకూడదా?” అన్నదే అతని ప్రశ్న.

దీనికి చట్టం అవుననీ చెప్పదు, కాదనీ చెప్పదు. ఎప్పుడు కొట్టావు, ఎంత కొట్టావు, ఎప్పటిదాకా కొట్టావు అని తిరిగి మూడు ప్రశ్నలు వేస్తుంది. ఈ మూడింటికీ జవాబు తెలియక, చేతికర్రతో పోవలసిన గొడవ ప్రాణం దాకా వచ్చి, రెండు సంసారాలు వీధిన పడుతున్న సందర్భాలు పల్లెల్లో ఎన్నో.

హక్కు ఉన్నమాట నిజమే

ఆత్మరక్షణ హక్కు కొత్తగా వచ్చినది కాదు. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 96 నుంచి 106 వరకు గల సెక్షన్లు దీని గురించే చెప్పాయి. 2024 జూలై 1 నుంచి ఆ చట్టం స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. అందులో ఇవే సంగతులు 34 నుంచి 44 వరకు గల సెక్షన్లలో ఉన్నాయి. నంబర్లు మారాయి గానీ సారం దాదాపు అదే.

తన శరీరాన్నే కాదు, పక్కవాడి శరీరాన్ని కాపాడడానికి కూడా ఎవరైనా బలం వాడవచ్చు. తన ఆస్తిని, ఇతరుల ఆస్తిని దొంగతనం, దోపిడీ, ధ్వంసం, అక్రమ ప్రవేశం నుంచి కాపాడుకోవచ్చు. పైన పడినవాడు తాగి ఉన్నా, మతి స్థిమితం లేనివాడైనా హక్కు పోదు. దాడి జరుగుతుంటే పిరికివానిలా పారిపోవాలని చట్టం ఎవరినీ కోరదు. 2010లో జస్టిస్ దల్వీర్ భండారీ ధర్మాసనం ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు ఈ సూత్రాలన్నిటినీ ఒకచోట కూర్చి చెప్పింది.

ఎదుటివాడి ప్రాణం పోయినా నేరం కాని సందర్భాలు కూడా ఉన్నాయి. చంపుతాడనో, తీవ్రంగా గాయపరుస్తాడనో సహేతుకమైన భయం కలిగినప్పుడు, అత్యాచారానికి, అసహజమైన లైంగిక దాడికి దిగినప్పుడు, ఎత్తుకుపోతున్నప్పుడు, అధికారులను ఆశ్రయించే వీలు లేకుండా నిర్బంధిస్తున్నప్పుడు, యాసిడ్ పోస్తున్నప్పుడు ఈ హక్కు ప్రాణం తీసేంతవరకు పోతుంది.

2012లో తమిళనాడులోని మదురైలో ఒక తల్లి కన్నకూతురి మీద అత్యాచారానికి దిగిన భర్తను క్రికెట్ బ్యాటుతో కొట్టగా అతడు మరణించాడు. అప్పటి జిల్లా ఎస్.పి. అస్రా గార్గ్ విచారించి, అది శిక్షాస్మృతి 100వ సెక్షన్ కిందికి వచ్చే రక్షణ చర్య అని తేల్చి ఆమెను విడుదల చేయించారు. ఆడవారికి, వారిని కాపాడేవారికి చట్టం ఇచ్చిన అండ ఇది.

ఆస్తి విషయంలో హద్దు దగ్గరగానే ఉన్నది

శరీరానికి ఇచ్చినంత విలువ చట్టం ఆస్తికి ఇవ్వదు. ఆస్తిని కాపాడుకోవడంలో ప్రాణం పోయినా నేరం కానివి నాలుగే సందర్భాలు. ఒకటి, దోపిడీ. రెండు, సూర్యాస్తమయం తరువాత సూర్యోదయం లోపల ఇంటికి కన్నం వేయడం లేక పగులగొట్టి చొరబడడం. మూడు, మనుషులు కాపురముండే లేక సామాను దాచుకునే కట్టడానికి నిప్పు పెట్టడం. నాలుగు, దొంగతనమో, ధ్వంసమో, ఇంట్లో జొరబడడమో జరుగుతున్న తీరు చూస్తే ప్రాణం పోతుందన్న, లేదా తీవ్ర గాయమవుతుందన్న భయం కలిగినప్పుడు.

బయట చేలో రెండు మూటల కాయలు ఎత్తుకుపోయేవాడు, బోరు కేబుల్ వైరు కోసేవాడు, గొర్రెలను పైరులోకి తోలినవాడు చేసేది నేరమే. అతన్ని అడ్డుకోవచ్చు, పట్టుకోవచ్చు, పెనుగులాడితే అదుపు చేసేంత బలం వాడవచ్చు. కానీ అతని చేతిలో కత్తి లేక, మీదికి రాకుండా ఉన్నప్పుడు తల పగలగొట్టే హక్కు రైతుకు లేదు. వాడు కొడవలి తిప్పి మీదికి వచ్చాడంటే లెక్క మారుతుంది. అప్పుడు కాపాడుకునేది కాయలను కాదు, ప్రాణాన్ని.

త్రాసులో తూచరు, కానీ చూస్తారు

మీద పడుతున్నవాడి దెబ్బకు సరిగ్గా ఎంత దెబ్బ సరిపోతుందో ఆ క్షణంలో లెక్క కట్టడం ఎవరి తరమూ కాదు. ఈ సంగతి న్యాయస్థానాలకూ తెలుసు. 1970ల మొదట్లో ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన ఒక కేసులో ఒకరి తల మీద లాఠీ దెబ్బ పడింది. అతను బల్లెంతో తిరిగి పొడవగా ఎదుటివాడు మరణించాడు. లాఠీకి బల్లెం ఎక్కువేనని కింది కోర్టు భావించింది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. తల మీద పడే లాఠీ దెబ్బ కూడా ప్రాణం తీస్తుంది, భయంలో ఉన్న మనిషి చేతిని బంగారు త్రాసులో తూచరాదని చెప్పి అతన్ని విడుదల చేసింది.

అంతమాత్రాన ఎంతైనా కొట్టవచ్చని కాదు. కిందపడినవాడి మీద పది దెబ్బలు పడితే ఆ పదింటిలో రక్షణకు ఎన్ని, కసికి ఎన్ని అని కోర్టు అడుగుతుంది. సదుద్దేశంతో, ముందు అనుకోకుండా, హద్దు మీరి ప్రాణం తీస్తే దాన్ని హత్య అనరు. హత్య కాని నరహత్య అంటారు. దానికీ శిక్ష పదేళ్ల వరకు, కొన్ని సందర్భాల్లో యావజ్జీవం వరకు ఉంటుంది.

వెన్ను చూపినవాణ్ణి వెంటాడితే

ఎక్కువమంది ముద్దాయిలు ఓడిపోయేది ఇక్కడే. ప్రమాదం పొడచూపినప్పుడు హక్కు పుడుతుంది. ప్రమాదం పోగానే హక్కు కూడా పోతుంది. 1962లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఒక కేసు మన పల్లెల్లో జరిగినట్టే ఉంటుంది. నాటి పంజాబ్ రాష్ట్రంలోని ఒక గ్రామంలో పొలం దున్నే దగ్గర రెండు పక్షాలు తలపడ్డాయి. తమ పొలం మీదికి వచ్చారు గనుక కాల్చామని ముద్దాయిలు వాదించారు. మొదట హక్కు ఉన్నదనుకున్నా, ఎదుటి పక్షంవారు పారిపోవడం మొదలుపెట్టగానే అది ముగిసిందని కోర్టు చెప్పింది. పరుగెత్తుతున్నవారిని దూరం నుంచి కాల్చడాన్ని హత్యగానే పరిగణించింది.

దొంగ సొత్తుతో పారిపోతుంటే వెంటాడి సొత్తు తిరిగి గుంజుకోవచ్చు. అది చేతికి వచ్చాక కొట్టే దెబ్బ మాత్రం రక్షణ కిందికి రాదు. సాయంత్రం జరిగిన అవమానానికి రాత్రి మనుషులను పోగుచేసుకుని వెళ్లి కొట్టడం అసలే రాదు. పోలీసులను ఆశ్రయించే వ్యవధి ఉన్నప్పుడు ఆత్మరక్షణ హక్కు లేదని చట్టం సూటిగా చెబుతున్నది. కక్షలున్న ఊళ్లలో రెండు వర్గాలూ కొడవళ్లు, రాళ్లు సిద్ధం చేసుకుని కొట్టుకున్నప్పుడు, మేము కాచుకున్నామని రెండు వర్గాలూ చెప్పినా కోర్టు నమ్మదు. ముందు దాడికి దిగినవాడికి ఈ హక్కు ఉండదు.

పైరు వేసినవాడి మాట

గట్టు తగాదాలలో మరొక చిక్కు ఉన్నది. పట్టా నాది, పాసు పుస్తకం నాది, కనుక వాణ్ణి గెంటివేస్తానని బయలుదేరేవారు 1975 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఒకటి తెలుసుకోవాలి. అక్రమంగా వచ్చినవాడైనా సరే, భూమిలో స్థిరపడి పైరు పెట్టుకున్నాడంటే, అసలు యజమాని కూడా ఆ పైరును చెడగొట్టి బలవంతంగా దిగరాదు. దిగితే అడ్డుకునే హక్కు సాగుచేస్తున్నవానికే ఉంటుంది. యజమాని కోర్టు ద్వారానే భూమి తీసుకోవాలి. ఇంకా స్థిరపడకుండా, అప్పుడే నాగలి కట్టుకుని చొరబడేవాణ్ణి మాత్రం తగినంత బలంతో నిలువరించవచ్చు.

కొలతకు వచ్చిన సర్వేయరు, అక్రమ వైరు తొలగించడానికి వచ్చిన కరెంటు సిబ్బంది వంటి ప్రభుత్వ ఉద్యోగులు సదుద్దేశంతో విధి నిర్వహిస్తుంటే, వారి పనిలో చిన్న లోపం ఉన్నా వారిమీద చేయి ఎత్తే హక్కు లేదు. వారివల్ల ప్రాణభయమో, తీవ్ర గాయం భయమో కలిగితే తప్ప.

కరెంటు కంచె రక్షణ కాదు

అడవిపందులు, జింకలు పైరు తింటున్నాయని కొందరు చేను చుట్టూ వైరు లాగి రాత్రిళ్లు కరెంటు వదులుతున్నారు. పంది బదులు తెల్లవారుజామున నీళ్లు కట్టడానికి వచ్చిన పక్క చేను రైతో, కాపరి కుర్రవాడో, ఒక్కోసారి ఆ వైరు కట్టినవాడో ప్రాణం పోగొట్టుకుంటున్నాడు.

దీనిపై 1963లోనే సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. బీహారులో ఒక వ్యక్తి తన మరుగుదొడ్డిని పొరుగువారు వాడుతున్నారని దారిలో కరెంటు తీగ పెట్టాడు. ఒక స్త్రీ తగిలి మరణించింది. నా స్థలంలోకి ఆమే వచ్చిందని అతను వాదించినా కోర్టు వినలేదు. అనుమతి లేకుండా వచ్చినంత మాత్రాన మనిషి ప్రాణానికి విలువ పోదని, కనిపించని తీగ పెట్టడం రక్షణ కాదని శిక్షను ఖాయం చేసింది. ఇప్పుడు నిర్లక్ష్యంతో ప్రాణం తీసినందుకు శిక్ష గతంలోని రెండేళ్ల నుంచి ఐదేళ్ల వరకు పెరిగింది. తీగకు మనిషికీ పందికీ తేడా తెలియదు. ఆగమనడానికి దానికి నోరు లేదు. నిలకడగా పారే కరెంటుకు బదులు క్షణం పాటు చురుక్కుమనిపించే సోలారు కంచె వేసుకుంటే పంటా దక్కుతుంది, ప్రాణమూ దక్కుతుంది.

చెట్టుకు కట్టి కొట్టేవారికి

దొంగ దొరికితే ఊరంతా కూడి చెట్టుకు కట్టి కొట్టడం కొన్నిచోట్ల ఉన్నది. కళ్లెదుట బెయిలు లేని కాగ్నిజబుల్ నేరం చేసినవాణ్ణి పట్టుకునే అధికారం మామూలు మనిషికీ ఉన్నది. కొత్త పౌర సురక్షా సంహిత 40వ సెక్షన్ ప్రకారం అనవసరమైన ఆలస్యం లేకుండా, ఆరు గంటలలోపు పోలీసులకు అప్పగించాలి. కట్టిపడేసిన తరువాత ప్రమాదం లేదు. ప్రమాదం లేనిచోట హక్కు లేదు. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతులు నమ్మి తెలుగు రాష్ట్రాలలో జనం అమాయకులను కొట్టి చంపిన సంఘటనలు మరువరానివి.

తుపాకీ ఉన్న పోలీసులకూ ఈ గీత వర్తిస్తుంది. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ సమీపంలోని చటాన్‌పల్లి వద్ద ‘దిశ’ కేసు నిందితులు నలుగురు పోలీసు కాల్పులలో మరణించారు. ఆత్మరక్షణకే కాల్చామని పోలీసులు చెప్పారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ వి.ఎస్. సిర్పూర్కర్ కమిషన్ ఆ మాట నమ్మదగినది కాదని, 10 మంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని సిఫారసు చేసింది. 2022 మే నెలలో బయటికి వచ్చిన ఆ నివేదికను సుప్రీంకోర్టు తెలంగాణ హైకోర్టుకు పంపింది.

జరిగిన తరువాత ఏమి చేయాలి?

కొట్టవలసి వచ్చినవాడు భయపడి ఊరు విడిచి పోవడం పెద్ద పొరపాటు. పారిపోయినవాడి మాట నమ్మేవారు తక్కువ. వెంటనే 112కు ఫోను చేయాలి. గాయపడినవాడు దొంగయినా సరే ఆసుపత్రికి చేర్చాలి. తన ఒంటి మీది దెబ్బలు ఎంత చిన్నవైనా ప్రభుత్వ డాక్టరుకు చూపించి గాయాల సర్టిఫికెట్టులో రాయించుకోవాలి. ముద్దాయి ఒంటి మీది గాయాలు ఎలా వచ్చాయో పోలీసులు చెప్పలేకపోతే అది కేసులో పెద్ద లోపమని 1976లో సుప్రీంకోర్టు అన్నది. తెగిన వైరు, పడిన కొడవలి, చిందిన రక్తం ఉన్నవి ఉన్నట్టు ఉంచాలి. తన ఫిర్యాదు కూడా అదే రోజు ఇవ్వాలి.

ఆత్మరక్షణ అని చూపే భారం ముద్దాయిదే. అయితే అనుమానానికి తావులేకుండా రుజువు చేయనక్కరలేదు. అలా జరిగి ఉండడానికే ఎక్కువ అవకాశమున్నదని చూపితే చాలు. వకీలుకు ఇచ్చుకోలేని పేదలకు, స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగలవారికి 1987 చట్టం కింద జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఏర్పాటు చేస్తుంది. 15100 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు.

పోయిన కాయలు మరో కారుకు పండుతాయి. వంకరపోయిన గట్టు సర్వేయరు గొలుసుతో సరి అవుతుంది. పోయిన ప్రాణానికి, జైలులో పోయిన వయసుకు సర్వే లేదు. కర్ర ఎత్తవలసిన సమయం వస్తే ఎత్తవలసిందే. ఎదుటివాడి చేయి దిగినప్పుడు తన చేయి కూడా దించగలగడమే ఆ రైతును, అతని ఇంటిని కాపాడుతుంది.