గేమ్‌ పట్టట్లేదా? సైజు కాదు.. స్లాటు చూడండి!

కన్సోల్‌ స్టోరేజీ పెంచుకోవడం అనుకున్నంత తేలికా? తప్పు డ్రైవ్‌ కొంటే వేల రూపాయలు వృథా. సరిగ్గా అర్థం చేసుకుంటే మాత్రం ఆట ఆగదు, పైగా ఉద్యోగ ఇంటర్వ్యూకి పనికొచ్చే పాఠం కూడా దొరుకుతుంది. హార్డ్‌వేర్‌, ఎంబెడెడ్‌, గేమింగ్‌ రంగాలవైపు చూస్తున్న విద్యార్థులు దీన్ని ఎలా ఉపయోగించుకోవచ్చో తెలుసుకుందాం.

కొత్త గేమ్‌ డౌన్‌లోడ్‌ పెడతాం. తెరపై 'చోటు చాలదు' అని సందేశం. పాతదేదో తీసేస్తేగానీ కొత్తది పట్టదు. తీసేసినదాన్ని మళ్లీ ఆడాలనిపిస్తే వంద జీబీ మళ్లీ దించుకోవాలి. హాస్టల్‌ వైఫైతోనో, మొబైల్‌ హాట్‌స్పాట్‌తోనో అది అయ్యే పనేనా? అందుకే ఆన్‌లైన్‌లో '2 టీబీ, తక్కువ ధర' అని కనిపించగానే కొనేస్తుంటారు. తీరా బిగించాక కన్సోల్‌ దాన్ని గుర్తించదు. లేదంటే గుర్తిస్తుంది కానీ గేమ్‌ నడవదు.

కారణం ఒక్కటే. మనం 'ఎంత పడుతుంది?' అని మాత్రమే అడుగుతున్నాం. 'ఎలా కనెక్ట్‌ అవుతుంది? ఎంత వేగంగా ఇస్తుంది?' అని అడగట్లేదు. స్టోరేజీ కంపెనీల్లో ఇంజినీర్ల పని మొదలయ్యేది కూడా ఈ రెండు ప్రశ్నలతోనే.

పెట్టెపై అంకె వేరు.. చేతికొచ్చేది వేరు

2020 నవంబరులో వచ్చిన తొలి ప్లేస్టేషన్‌ 5లో 825 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉంది. గేములకు మిగిలేది దాదాపు 667 జీబీ. ఎక్స్‌బాక్స్‌ సిరీస్‌ ఎస్‌లో 512 జీబీ ఉంటే వాడుకోగలిగేది 364 జీబీ. సిరీస్‌ ఎక్స్‌లో 1 టీబీకి 802 జీబీ. మిగతాదంతా ఆపరేటింగ్‌ సిస్టమ్‌కీ, సిస్టమ్‌ అవసరాలకీ పోతుంది. వంద జీబీ గేములైతే సిరీస్‌ ఎస్‌లో మూడింటితో ఇల్లు నిండినట్టే.

ఇంకో తేడా ఉంది. డ్రైవ్‌ తయారీదారులు 1 టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు అని లెక్కిస్తారు. విండోస్‌ అదే సంఖ్యను 1024 లెక్కన భాగించి 931 జీబీగా చూపిస్తుంది. డ్రైవ్‌లో మోసం జరిగినట్టు కాదు, కొలత మారిందంతే. ఇంటర్వ్యూల్లో ఫ్రెషర్లను తడబడేలా చేసే చిన్న ప్రశ్నల్లో ఇదొకటి.

గేములు ఎందుకింత బరువు?

4కే బొమ్మలు, చాలా భాషల్లో ఆడియో, విశాలమైన ప్రపంచాలు.. ఇవి అందరికీ తెలిసిన కారణాలు. తెలియనిది ఒకటుంది. పాత హార్డ్‌డిస్క్‌లో డేటా చదవాలంటే సూది లాంటి హెడ్‌ అక్కడికి జరగాలి. ఆ ఆలస్యం తగ్గించడానికి డెవలపర్లు ఒకే వస్తువు డేటాను డిస్క్‌పై చాలాచోట్ల కాపీ చేసి పెట్టేవారు. ప్లేస్టేషన్‌ 5 రూపశిల్పి మార్క్‌ సెర్నీ 2020 మార్చిలో ఇచ్చిన సాంకేతిక ప్రసంగంలో దీన్నే వివరించారు. ప్లేస్టేషన్‌ 4 స్పైడర్‌మ్యాన్‌ గేములో కొన్ని వస్తువుల డేటా 400 సార్ల దాకా నకలు అయిందని చెప్పారు.

ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగాలే లేవు. కాబట్టి నకళ్ల అవసరం తగ్గింది. ప్లేస్టేషన్‌ 5 ఎస్‌ఎస్‌డీ సెకనుకు 5.5 జీబీ, ఎక్స్‌బాక్స్‌ సిరీస్‌ కన్సోళ్లు 2.4 జీబీ వేగంతో డేటా చదువుతాయి. ఇప్పటి గేములు ఈ వేగాన్ని నమ్ముకునే తయారవుతున్నాయి. అందుకే నెమ్మదైన డ్రైవ్‌లో వాటిని పెట్టి ఆడతామంటే కన్సోల్‌ ఒప్పుకోదు.

నకళ్లు తీసేస్తే ఎంత ఆదా? 2025 చివర్లో 'హెల్‌డైవర్స్‌ 2' పీసీ వెర్షన్‌ను దాదాపు 154 జీబీ నుంచి 23 జీబీకి కుదించారు. ఆటలో ఏమీ తగ్గించలేదు. నకళ్లు తొలగించారంతే. ఇలా గేమ్‌ డేటాను చక్కదిద్దడం కూడా ఒక ఉద్యోగమే.

ఏ కన్సోల్‌కు ఏది?

ప్లేస్టేషన్‌ 5: లోపల ఖాళీ ఎం.2 స్లాటు ఉంటుంది. 2021 సెప్టెంబరు అప్‌డేట్‌తో అది అందరికీ అందుబాటులోకి వచ్చింది. పీసీఐఈ జెన్‌ 4, నాలుగు లేన్ల ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ కావాలి. చదివే వేగం సెకనుకు 5,500 ఎంబీ లేదా ఆపై ఉండాలని సోనీ సూచిస్తోంది. 250 జీబీ నుంచి 8 టీబీ వరకు పెట్టొచ్చు. హీట్‌సింక్‌ తప్పనిసరి. దాంతో కలిపి మొత్తం మందం 11.25 మిల్లీమీటర్లు దాటకూడదు. ఎం.2 ఆకారంలోనే ఉండే సాటా ఎస్‌ఎస్‌డీ మాత్రం పనిచేయదు. చాలామంది పొరపడేది ఇక్కడే. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి మరి!

యూఎస్‌బీ డ్రైవ్‌ సంగతేంటి? ప్లేస్టేషన్‌ 4 గేములను దాన్నుంచే ఆడొచ్చు. ప్లేస్టేషన్‌ 5 గేములను దాచుకోవచ్చు కానీ ఆడాలంటే లోపలికి మార్చుకోవాలి. ఎందుకో లెక్కేద్దాం. 5 జీబీపీఎస్‌ యూఎస్‌బీ అంటే 5 గిగాబిట్లు, గిగాబైట్లు కాదు. ఎనిమిదితో భాగిస్తే కాగితంపై కూడా సెకనుకు 625 ఎంబీ మించదు. 5,500 ఎంబీ ఇవ్వాల్సిన చోట అదెలా సరిపోతుంది? అయినా తరచూ ఆడని గేములకు ఇది చవకైన మార్గం. మళ్లీ డౌన్‌లోడ్‌ చేసుకోవడం కన్నా యూఎస్‌బీ నుంచి కాపీ చేసుకోవడం నయం కదా.

ఎక్స్‌బాక్స్‌ సిరీస్‌ ఎక్స్‌, ఎస్‌: మైక్రోసాఫ్ట్‌ వేరే దారి పట్టింది. మూత తీసే పనే లేదు. వెనకవైపు ప్రత్యేక స్లాటులో ఎక్స్‌పాన్షన్‌ కార్డు గుచ్చితే చాలు. మొదట సీగేట్‌ మాత్రమే వీటిని చేసింది. 2023లో వెస్ట్రన్‌ డిజిటల్‌ కూడా వచ్చింది. బిగించడం సులువే కానీ ఎంపిక తక్కువ, మామూలు ఎస్‌ఎస్‌డీ ఇందులో పట్టదు. ఎక్స్‌బాక్స్‌ వన్‌, అంతకన్నా పాత గేములను యూఎస్‌బీ 3 డ్రైవ్‌ నుంచి ఆడుకోవచ్చు. సిరీస్‌ ఎక్స్‌, ఎస్‌ కోసం ప్రత్యేకంగా మెరుగుపరిచిన గేములను అందులో దాచుకోవచ్చు, ఆడలేం.

నింటెండో స్విచ్‌ 2: 2025 జూన్‌ 5న విడుదలైన దీనిలో 256 జీబీ ఉంది. గేముల కోసం మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్‌ కార్డే వాడాలి. మొదటి స్విచ్‌లో వాడిన మామూలు మైక్రోఎస్‌డీ కార్డు పెడితే అందులోని స్క్రీన్‌షాట్లు, వీడియోలు చూసుకోవచ్చు, అంతే. మామూలు యూహెచ్‌ఎస్‌-1 కార్డు గరిష్ఠ వేగం సెకనుకు 104 ఎంబీ. ఎక్స్‌ప్రెస్‌ కార్డు లోపల పీసీఐఈ దారి వాడుతుంది కాబట్టి 985 ఎంబీ వరకు వెళ్లగలదు. ఆకారం ఒకటే, దారి వేరు!

కొనేముందు ఇవి చూడండి

* ఇంటర్‌ఫేస్‌: పెట్టెపై 'ఎన్‌వీఎంఈ', 'జెన్‌ 4' అని స్పష్టంగా ఉందా? ఉత్త 'ఎం.2' అని ఉంటే చాలదు. అది ఆకారం పేరు మాత్రమే.
* హీట్‌సింక్‌: డ్రైవ్‌తోపాటు వస్తుందా, విడిగా కొనాలా? ధర పోల్చేటప్పుడు దీన్నీ కలపండి.
* మెమరీ రకం: ఒక్కో సెల్‌లో మూడు బిట్లు దాచేది టీఎల్‌సీ, నాలుగు దాచేది క్యూఎల్‌సీ. రెండోది చవక. కానీ పెద్ద ఫైళ్లు రాసేటప్పుడు నెమ్మదించే అవకాశం ఎక్కువ.
* డీర్యామ్‌: సొంత డీర్యామ్‌ లేని కొన్ని ఎస్‌ఎస్‌డీలు కంప్యూటర్‌ మెమరీలో కొంత అరువు తీసుకుంటాయి. దీన్ని హోస్ట్‌ మెమరీ బఫర్‌ అంటారు. ప్లేస్టేషన్‌ 5 ఈ సదుపాయం ఇవ్వదు. కాబట్టి పీసీలో బాగా పరుగెత్తిన డ్రైవ్‌ ఇందులో కాస్త వెనకబడొచ్చు.
* నకిలీలు: నమ్మలేనంత తక్కువ ధరకు పెద్ద సైజు కార్డులు, పెన్‌డ్రైవ్‌లు అమ్ముతుంటారు. లోపల ఉండేది కొన్ని జీబీలే. ఫర్మ్‌వేర్‌ మార్చి పెద్దగా చూపిస్తారు. హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ, ఎఫ్‌3 లాంటి ఉచిత టూల్స్‌తో వాపసు గడువులోపే పరీక్షించండి.

ధరల విషయంలో ఒక మాట. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను భారీగా కొంటుండటంతో 2025 చివరి నుంచి మెమరీ, ఎస్‌ఎస్‌డీల ధరలు పెరిగాయి. ఆ డిసెంబరులోనే మైక్రాన్‌ తన వినియోగదారుల బ్రాండ్‌ 'క్రూషియల్‌' నుంచి తప్పుకుంటున్నట్లు ప్రకటించింది. ఆడని గేములు తీసేసి సరిపెట్టుకోగలిగితే అదీ తెలివైన నిర్ణయమే.

బిగించేటప్పుడు

ప్లేస్టేషన్‌ 5లో డ్రైవ్‌ను సొంతంగా బిగించుకోవడానికి సోనీయే సూచనలు ఇస్తోంది. ముందు సిస్టమ్‌ అప్‌డేట్‌ చేయాలి. పూర్తిగా ఆఫ్‌ చేసి, అన్ని తీగలూ తీసి, చల్లారనివ్వాలి. ఒంట్లోని స్థిర విద్యుత్తు పోవడానికి ఎర్త్‌ ఉన్న లోహాన్ని తాకాలి. మూత తీశాక స్లాటులోని స్పేసర్‌ను డ్రైవ్‌ పొడవుకు తగ్గట్టు జరిపి, డ్రైవ్‌ను కాస్త ఏటవాలుగా గుచ్చి, స్క్రూ బిగించాలి. ఆన్‌ చేయగానే ఫార్మాట్‌ చేయమంటుంది. అందులో పాత ఫైళ్లుంటే పోయినట్టే. కాబట్టి ముందే కాపీ తీసుకోండి.

ఇంకో జాగ్రత్త. ప్లేస్టేషన్‌ 5 గేముల సేవ్‌ ఫైళ్లను యూఎస్‌బీలోకి మార్చుకోలేం. ప్లేస్టేషన్‌ ప్లస్‌ చందా ఉంటే క్లౌడ్‌లో దాచుకోవచ్చు.

ఈ పరిజ్ఞానానికి ఉద్యోగాలున్నాయా?

ఉన్నాయి. మైక్రాన్‌కు హైదరాబాద్‌లో పెద్ద డెవలప్‌మెంట్‌ కేంద్రం ఉంది. శామ్‌సంగ్‌ సెమీకండక్టర్‌ పరిశోధన విభాగం, వెస్ట్రన్‌ డిజిటల్‌, శాన్‌డిస్క్‌ బెంగళూరులో పనిచేస్తున్నాయి. గుజరాత్‌లోని సానంద్‌లో చిప్‌ల అసెంబ్లీ, టెస్టింగ్‌ ప్లాంటును మైక్రాన్‌ 2023లో ప్రకటించింది. గేమింగ్‌ వైపు చూస్తే హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్‌ ఆర్ట్స్‌, బెంగళూరులో రాక్‌స్టార్‌, పుణెలో యుబీసాఫ్ట్‌ స్టూడియోలున్నాయి.

* ఫర్మ్‌వేర్‌ ఇంజినీర్‌: ఎస్‌ఎస్‌డీ లోపలి కంట్రోలర్‌ను నడిపించే ప్రోగ్రాం రాస్తారు. సి భాషపై గట్టి పట్టు, డేటా స్ట్రక్చర్స్‌, ఆపరేటింగ్‌ సిస్టమ్స్‌ అవసరం. ఈసీఈ, సీఎస్‌ఈ, ఈఈఈ వాళ్లు ప్రయత్నించొచ్చు.
* వ్యాలిడేషన్‌ ఇంజినీర్‌: డ్రైవ్‌ చెప్పిన వేగం ఇస్తుందా, వేడెక్కితే ఏమవుతుంది, కరెంటు పోతే డేటా నిలుస్తుందా అని పరీక్షిస్తారు. పైథాన్‌, లినక్స్‌ బాగా రావాలి.
* గేమ్‌ క్యూఏ: గేమ్‌ ఇన్‌స్టాల్‌, అప్‌డేట్‌, చోటు నిండినప్పటి ప్రవర్తన లాంటివి పరీక్షించడం ఈ పనిలో భాగం. కనిపించిన లోపాన్ని మరొకరు మళ్లీ రప్పించగలిగేలా రాయడం రావాలి.
* టూల్స్‌, పర్ఫార్మెన్స్‌ ప్రోగ్రామర్‌: గేమ్‌ సైజు, లోడింగ్‌ సమయం తగ్గిస్తారు. సి++, కంప్రెషన్‌ పద్ధతులపై అవగాహన కావాలి.

రెజ్యూమెలో రాయదగ్గ మినీ ప్రాజెక్టు

కన్సోల్‌ లేకపోయినా ఫర్వాలేదు. ఎస్‌ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్‌, లినక్స్‌ చాలు. 'ఎఫ్‌ఐఓ' అనే ఉచిత టూల్‌తో 50 జీబీ టెస్ట్‌ ఫైల్‌ రాస్తూ, సెకనుకోసారి వేగాన్ని నమోదు చేయండి. పైథాన్‌తో గ్రాఫ్‌ గీయండి. చాలా డ్రైవ్‌లలో మొదట వేగం బాగుండి, ఒకచోట హఠాత్తుగా పడిపోతుంది. డ్రైవ్‌ తనలో కొంత భాగాన్ని సెల్‌కు ఒక్క బిట్‌ లెక్కన వేగవంతమైన తాత్కాలిక గదిలా వాడుకుంటుంది. అది నిండిందని అర్థం. 'ఎన్‌వీఎంఈ-సీఎల్‌ఐ'తో అదే సమయంలో ఉష్ణోగ్రత కూడా చూడండి. వేగం పడిపోయింది గది నిండా, వేడి వల్లా? తేల్చి రెండు పేజీల నివేదిక రాయండి. పరీక్షను మామూలు ఫైల్‌పైనే చేయాలి. మొత్తం డ్రైవ్‌ పేరు ఇచ్చారో, డేటా అంతా చెరిగిపోతుంది. ముందు బ్యాకప్‌ తప్పనిసరి.

ఎన్‌వీఎంఈ ప్రమాణ పత్రాలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఆపరేటింగ్‌ సిస్టమ్స్‌, కంప్యూటర్‌ ఆర్కిటెక్చర్‌ కోర్సులు ఎన్‌పీటెల్‌లో ఉన్నాయి.

ఇంటర్వ్యూకి ముందు..

* సాటాకూ ఎన్‌వీఎంఈకీ తేడా? సాటా వాడే ఏహెచ్‌సీఐ పద్ధతిలో ఒకే క్యూ, అందులో 32 ఆదేశాలు. ఎన్‌వీఎంఈలో దాదాపు 64 వేల క్యూలు, ఒక్కోదానిలో అన్నే ఆదేశాలు ఉండొచ్చు.
* వేర్‌ లెవలింగ్‌ ఎందుకు? ఫ్లాష్‌ సెల్‌ను పరిమితంగానే చెరిపి రాయగలం. అన్నిటిపై భారం సమానంగా పడేలా చూసేదే ఇది.
* గార్బేజ్‌ కలెక్షన్‌ అంటే? ఫ్లాష్‌లో పేజీ లెక్కన రాస్తాం, బ్లాక్‌ లెక్కన చెరుపుతాం. పనికొచ్చే పేజీలను వేరేచోటికి మార్చి బ్లాక్‌ను ఖాళీ చేయడం.
* ట్రిమ్‌ పని ఏంటి? ఏ ఫైళ్లు తీసేశామో డ్రైవ్‌కు ముందే చెప్పడం.

ఈ నాలుగింటికీ జవాబులు బట్టీ పట్టొద్దు. ప్రాజెక్టులో మీరు గీసిన గ్రాఫ్‌ను ఎదురుగా పెట్టుకుని, ఏ మలుపు దగ్గర ఏది జరిగి ఉంటుందో మీ మాటల్లో చెప్పడం సాధన చేయండి. బ్యాక్‌లాగ్స్‌ ఉన్నాయనో, చిన్న కాలేజీ అనో వెనకాడాల్సిన పనిలేదు. సొంతంగా కొలిచిన అంకెలు చేతిలో ఉంటే, వాటి గురించి మాట్లాడటానికి మీ దగ్గర ఎంతో ఉంటుంది.