నల్లరాగిలో పూసిన బంగారం

భిలాయ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఉక్కు గురించి కొత్తగా చెప్పేదేముంది? 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించినప్పటి నుంచి దల్లీ-రాజహరా గనుల ఖనిజం ఇక్కడ కరుగుతోంది. ఇక్కడ తయారయ్యే రైలు పట్టా ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే గుణంతో ఉండాలి. జపాన్ కత్తి కమ్మరిది పూర్తిగా వేరే దారి.

షిమానే ప్రాంతంలో 1977లో మళ్లీ వెలిగించిన ‘తతర’ కొలిమిలో ఇనుప ఇసుకనూ బొగ్గునూ మూడు పగళ్లు, మూడు రాత్రులు వేస్తూనే ఉంటారు. సుమారు 10 టన్నుల ఇసుక నుంచి రెండున్నర టన్నుల ముద్ద దిగుతుంది. అందులో మెత్తనిదీ గట్టిదీ కలిసే ఉంటాయి. కమ్మరి దాన్ని ముక్కలు చేసి, విరిగిన చోటు చూసి మంచివి ఏరుకుంటాడు. మడిచి మడిచి సమ్మెటతో సాగగొడతాడు. నీళ్లలో ముంచే ముందు వెన్నుకు మందంగా, వాదరకు పల్చగా మట్టి పూస్తాడు. అందుకే వాదర గట్టిపడుతుంది, వెన్ను విరగదు.

కత్తి చూసేవాళ్లంతా వాదర దగ్గరే ఆగిపోతారు. నా కళ్లు మాత్రం పిడిని వదలవు. టేకు చేప తోలు మీద పట్టుతాడు బిగించి, ఆ తాడు కింద ‘మెనుకి’ అనే చిన్న లోహపు బొమ్మలు అమరుస్తారు. పిడికీ అలుగుకూ మధ్య ‘త్సుబ’ అనే బిళ్ల ఉంటుంది. జపాన్‌లో గోతో అనే వంశం 15వ శతాబ్దం నుంచి తరతరాలుగా ఈ పిడి అలంకారాల పనిలోనే బతికింది. రాగిలో కాస్త బంగారం కలిపి, ప్రత్యేక ద్రావణంలో ఉడికిస్తే నీలి నిగారింపుతో నల్లబడుతుంది. అదే ‘షకుదో’. దాని మీద చేప గుడ్లలాంటి సన్నని చుక్కలు ఒక్కొక్కటిగా దిద్ది, మధ్యలో బంగారు పువ్వు పొదుగుతారు. ఒక్క చుక్క వరుస తప్పినా కంటికి తెలిసిపోతుంది. ఎంత ఓపిక కావాలో!

మన బీదరు పనివాడు చేసేదీ దాదాపు ఇదే. తుత్తునాగంలో కాస్త రాగి కలిపి, వెండి పొదిగి, కోట మట్టినీ నవాసాగరాన్నీ పట్టించి నల్లబరుస్తాడు. వెండి మాత్రం తెల్లగానే మిగులుతుంది.

1876లో జపాన్ ప్రభుత్వం కత్తులు ధరించి తిరగడాన్ని నిషేధించింది. పిడులు చేసే చేతులకు పని పోయింది. వాళ్లలో కానో నత్సువో అనే పనివాడు అప్పటికే కొత్త నాణేల నమూనాలు చెక్కాడు, తర్వాత టోక్యో లలితకళల పాఠశాలలో ఆచార్యుడయ్యాడు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం కమ్మరులకు ఆ ఆసరా దొరకలేదు. 1820లలో వాయ్సీ అనే భూగర్భ శాస్త్రవేత్త అక్కడికి వెళ్లేనాటికి వాళ్లు మూసల్లో కరిగించి చేసే ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంతదూరం వచ్చేవారు. తర్వాత ఆ కొలిములు ఆరిపోయాయి.

సెలవులకు హైదరాబాద్ వెళితే సాలార్‌జంగ్ మ్యూజియంలో జపాన్ గది చూసి, ఆ వెంటనే బీదరు పాత్రల దగ్గరికి నడవండి. పిల్లల్నీ తీసుకెళ్లండి.