సంతకం కత్తిరించినా బొమ్మ మీదే

పండుగ దగ్గర పడితే ఫ్లెక్సీ షాపుల్లో, ప్రింటింగ్ ప్రెస్సుల్లో చేతినిండా పని. శుభాకాంక్షల ఫ్లెక్సీకి వినాయకుడు కావాలి, పెళ్లిపత్రికకు పల్లకీ కావాలి, సంక్రాంతి పోస్టర్‌కు గొబ్బెమ్మలు కావాలి. డిజైనర్ నెట్‌లో వెతికి నచ్చిన బొమ్మ తీసుకుంటాడు. మూలన సంతకం అడ్డొస్తే కత్తిరించేస్తాడు. ఎవరైనా అడిగితే ‘గూగుల్లో దొరికింది’ అంటాడు. బొమ్మ వేసినవాళ్లకు డబ్బూ రాదు, పేరూ రాదు. చాలాసార్లు అసలు సంగతే తెలియదు. ఇలా ఒకటి రెండుసార్లు జరిగాక నెట్‌లో బొమ్మలు పెట్టడమే మానేసేవాళ్లు ఉన్నారు. నా దృష్టిలో దొంగతనం కన్నా అది పెద్ద నష్టం.

నెట్‌లో పెట్టిన బొమ్మను ఎవరూ తీసుకోకుండా పూర్తిగా ఆపే ఉపాయం లేదు. తెర మీద కనిపించేది ఏదైనా స్క్రీన్‌షాట్‌కు దొరికిపోతుంది. అందుకే బొమ్మను దాచడం మీద కాకుండా, అది మీదేనని రుజువు చేయడం మీద శ్రద్ధ పెట్టండి. రుజువు చేతిలో ఉంటే చట్టం మీ వెంట నిలుస్తుంది. మన దేశంలో ఆ చట్టం చాలామంది అనుకునేదానికన్నా గట్టిది.

1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం బొమ్మ గీసిన క్షణం నుంచే దాని మీద హక్కు మీది. రిజిస్టర్ చేయించి తీరాలన్న నిబంధన లేదు, కాపీరైట్ గుర్తు వేయాల్సిన పనీ లేదు. చిత్రం, రేఖాచిత్రం, ఫొటో, శిల్పం అన్నీ ఇందులోకి వస్తాయి. వాటిలో కళ ఎంత ఉందని చట్టం అడగదు. పదో తరగతి పిల్లవాడు నోట్‌బుక్ చివరి పేజీలో గీసిన బొమ్మకూ హక్కు ఉంటుంది. గీసినవారు బతికున్నంత కాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు అది నడుస్తుంది. బాపు 2014లో కన్నుమూశారు. హక్కు ఆయన దగ్గరే మిగిలిన బొమ్మలకు 2074 చివరి దాకా రక్షణ ఉంది. 1906లో పోయిన రాజా రవివర్మ చిత్రాలనైతే ఎవరైనా క్యాలెండర్ మీద వేసుకోవచ్చు. శైలి మీద మాత్రం ఎవరికీ గుత్తహక్కు లేదు. బాపు గీత తీరులో కొత్త బొమ్మ గీస్తే తప్పు కాదు. ఆయన గీసిన బొమ్మనే ట్రేస్ చేసి మన పేరు పెట్టుకుంటే తప్పు.

ఇన్‌స్టాగ్రామ్‌లోనో ఫేస్‌బుక్‌లోనో పెట్టగానే హక్కు వాళ్లకు పోతుందని కొందరు భయపడతారు. పోదు. ఆ బొమ్మను చూపించడానికి, వాడుకోవడానికి ఆ సంస్థకు విస్తృతమైన అనుమతి ఇచ్చినట్టవుతుంది తప్ప యాజమాన్యం మీ దగ్గరే ఉంటుంది. ఇంకెవరో దాన్ని తమ పేజీలో పెట్టి కింద ‘క్రెడిట్స్ టు ఓనర్’ అని రాసినంత మాత్రాన అది అనుమతి తీసుకున్నట్టు కాదు.

డబ్బు హక్కుతో పాటు పేరు హక్కు కూడా ఉంది. చట్టంలోని 57వ సెక్షన్ ఈ సంగతే చెబుతుంది. బొమ్మను అమ్మేసినా, కాపీరైట్ రాసిచ్చేసినా, అది తన పని అని చెప్పుకొనే హక్కు, తన ప్రతిష్ఠ దెబ్బతినేలా దాన్ని వికృతం చేస్తే అడ్డుకునే హక్కు కళాకారుడికి మిగులుతాయి. అమర్‌నాథ్ సెహగల్ అనే శిల్పి ఢిల్లీలోని విజ్ఞాన్ భవన్ గోడకు భారీ కంచు కుడ్యశిల్పం చేశారు. ప్రభుత్వమే చేయించుకుంది. 1979లో భవనం మరమ్మతుల పేరుతో దాన్ని ఊడదీసి గోదాములో పడేశారు, ముక్కలు దెబ్బతిన్నాయి. ఆయన కోర్టుకెక్కారు. 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన శిల్పాన్ని ఆయనకు తిరిగి ఇమ్మని, 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించమని తీర్పు చెప్పింది. సొమ్ము చెల్లించి చేయించుకున్న ప్రభుత్వానికే ఆ తీర్పు తప్పలేదు.

అయితే ఇదే చట్టంలో మనవాళ్లు తరచు పడే గొయ్యి ఒకటి ఉంది. ఎవరైనా డబ్బిచ్చి మీచేత చిత్రపటం వేయించుకున్నా, ఫొటో తీయించుకున్నా, వేరే ఒప్పందం లేకపోతే కాపీరైట్‌కు మొదటి యజమాని వాళ్లే అవుతారు. పెళ్లిజంట బొమ్మ, దుకాణం కోసం వేసిన చిత్రం ఇలాంటివే. ‘బొమ్మ ఇస్తున్నాను, కాపీరైట్ నా దగ్గరే ఉంటుంది, మీరు ఫలానా పనికి వాడుకోవచ్చు’ అని ముందే రాసి ఇద్దరూ ఒప్పుకోవాలి. హక్కు బదిలీ చేసేటప్పుడూ అంతే, రాతకోతలు లేని బదిలీ చెల్లదు. ఎంతకాలానికో రాయకపోతే 5 ఏళ్లకే ఇచ్చినట్టు లెక్క. ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశానికే పరిమితం. నోటిమాట మీద పని ఒప్పుకోవడం మనకు మర్యాదగా అనిపిస్తుంది. కానీ తగాదా వచ్చిన రోజున ఆ మర్యాద కోర్టులో సాక్ష్యం చెప్పదు. బట్టల మీద ముద్రించడానికే గీసే డిజైన్ల సంగతి వేరు. డిజైన్ల చట్టం కింద రిజిస్టర్ చేయదగిన దాన్ని చేయకుండా, యంత్రం మీద 50కి మించి ప్రతులు తీస్తే కాపీరైట్ పోతుంది. చీరలకు, దుప్పట్లకు డిజైన్లు గీసేవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి.

ఇక నెట్‌లో పెట్టే ముందు జాగ్రత్తలు. ఏ4 కాగితం మీద స్పష్టంగా అచ్చు కావాలంటే బొమ్మ అంగుళానికి 300 చుక్కల లెక్కన 2480 పిక్సెళ్ల వెడల్పు, 3508 పిక్సెళ్ల పొడవు ఉండాలి. 1080 పిక్సెళ్ల వెడల్పుతో పెడితే ఫోన్‌లో అందంగానే కనిపిస్తుంది, కాగితం మీదికొచ్చేసరికి మూడున్నర అంగుళాలు దాటితే పలచబడుతుంది. ఇప్పుడు ఏఐ సాయంతో చిన్న బొమ్మను పెంచే సాధనాలు వచ్చాయి కాబట్టి ఈ అడ్డుగోడ ఒకప్పటంత ఎత్తుగా లేదు. అయినా పెద్ద ఫైల్ మీ ఒక్కరి దగ్గరే ఉండడం మీకు బలం. బొమ్మ నడిమధ్య పెద్ద వాటర్‌మార్క్ వేయడం నాకు ఇష్టం లేదు. అది దొంగకన్నా ముందు చూసేవాడిని బాధిస్తుంది. సంతకాన్ని మూలన కాకుండా బొమ్మలోపలే కలిపేయండి. చీర అంచులో, కుండ నీడలో, చెట్టు బోదె మీద పెడితే కత్తిరించడం కష్టం. ఫైల్ లోపల పేరు, తేదీ వివరాలు కూడా నింపండి, కానీ వాటినే నమ్ముకోవద్దు. సోషల్ మీడియాలోకి ఎక్కించగానే చాలాచోట్ల అవి చెరిగిపోతాయి.

అన్నిటికన్నా విలువైనవి మీ ఇంట్లో ఉండేవి. తొలి పెన్సిల్ గీతలు, లేయర్లతో ఉన్న అసలు ఫైల్, వేస్తుండగా తీసిన చిన్న వీడియో, తేదీలున్న ఈమెయిళ్లు. దొంగ దగ్గర పూర్తయిన బొమ్మే ఉంటుంది. అది పుట్టిన దారి అంతా మీ దగ్గరే ఉంటుంది.

మీ బొమ్మ వేరేచోట కనిపిస్తే వెంటనే కామెంట్ పెట్టి తగాదాకు దిగకండి. ముందు వెబ్ చిరునామా, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి; కోర్టుదాకా వెళ్తే వాటికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాల్సి ఉంటుంది. గూగుల్ లెన్స్‌లో, టిన్‌ఐలో అదే బొమ్మతో వెతికితే ఇంకా ఎక్కడెక్కడ వాడారో తెలుస్తుంది. చిన్న షాపువాళ్లు చాలాసార్లు తెలియక చేస్తారు, మర్యాదగా అడిగి రుసుము పుచ్చుకోవడం ఇద్దరికీ మేలు. వినకపోతే ఆ వెబ్‌సైట్‌కు కాపీరైట్ ఫిర్యాదు పంపండి. 2013 నాటి మన కాపీరైట్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిన 36 గంటల్లో వాళ్లు స్పందించాలి. 21 రోజుల్లో మీరు కోర్టు ఉత్తర్వు తేకపోతే, తీసేసిన బొమ్మను వాళ్లు మళ్లీ పెట్టుకోవచ్చు. బొమ్మ వేసినవారి పేరును తెలిసీ తొలగిస్తే కాపీరైట్ చట్టం 65బి సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలుశిక్ష పడవచ్చు. తెలిసి కాపీ కొట్టి వ్యాపారం చేస్తే అదే చట్టం 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, జరిమానా. ఇది పోలీసులు నేరుగా కేసు పెట్టదగిన నేరమని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. కాపీ చేసినవాడు ముంబైలో ఉన్నా, మీరు కాకినాడలో ఉంటే అక్కడి జిల్లా కోర్టులోనే దావా వేయవచ్చు.

ఏఐ బెడద కొత్తది. షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2023లో గ్లేజ్, 2024లో నైట్‌షేడ్ అనే ఉచిత సాధనాలు తెచ్చారు. మొదటిది మీ శైలిని ఏఐ అనుకరించడాన్ని కష్టం చేస్తుంది, రెండోది అనుమతి లేకుండా బొమ్మల మీద శిక్షణ పొందే ఏఐని తికమక పెడుతుంది. పూర్తి మందులు కావు, వాడితే మాత్రం మేలే.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదన్నాను. అయినా కోర్టులో అది తొలి సాక్ష్యంగా నిలబడుతుంది. ఒక్కో బొమ్మకు రుసుము 500 రూపాయలు, సరుకుల మీద వాడే బొమ్మకైతే 2,000. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. మీరు వేసిన వాటిలో మీకు బాగా ఇష్టమైనవి, జనం ఎక్కువగా పంచుకుంటున్నవి ఏరి, ముందు వాటిని రిజిస్టర్ చేయించండి. తక్కినవాటిని నిశ్చింతగా నలుగురికీ చూపించండి.