మామూలు గాలి పడని క్రిమి

గుర్రాలకూ సుఖవ్యాధులుంటాయా అని ఓ పాఠకుడు అడిగారు. ఉంటాయి. వాటిలో ఒకదాని కథ అపరాధ పరిశోధన నవలకు తీసిపోదు.

1977. ఇంగ్లండులో పందెపు గుర్రాల ఊరు న్యూమార్కెట్. దాటించిన కొద్ది రోజులకే ఆడగుర్రాలకు చీము కారసాగింది. చూలు నిలవక మళ్లీ ఎదకొచ్చాయి. మగగుర్రాలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. చీము పరీక్షిస్తే క్రిమి జాడ లేదు!

తప్పు చీముది కాదు, లాబులో క్రిమిని పెంచిన తీరుది. ఈ బ్యాక్టీరియాకు మామూలు గాలి పడదు. 5 నుంచి 10 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉండాలి. క్రిములను పెంచే జిగురు మాధ్యమం అగార్‌లో, వేడిచేసిన రక్తం కలిపిన 'చాకొలెట్ అగార్' రకమే కావాలి (పేరులోని చాకొలెట్ రంగు వరకే). అవి అమర్చాక, రోజుల తరబడి ఓపిక పడితే, సన్నటి చుక్కల్లా మొలిచింది. దాని నేటి పేరు టేలొరెల్లా ఈక్విజెనిటాలిస్.

ఆ తర్వాత ఇంకో పొరపాటు. న్యూమార్కెట్ క్రిమిని స్ట్రెప్టోమైసిన్ చంపలేదు కాబట్టి, మిగతా క్రిములు పెరగకుండా ఆ మందునే అగార్‌లో కలిపారు. భేషైన ఎత్తే. కానీ ఆ మందుకు చచ్చే టేలొరెల్లాలూ ఉన్నాయని తర్వాత తేలింది. దొంగను పట్టే వలే దొంగను మాయం చేసిందన్నమాట! అందుకే ఇప్పుడు మందు ఉన్న పళ్లెం, లేని పళ్లెం రెండూ వాడతారు.

అసలు తమాషా దాని దాపు. మగగుర్రం అంగం కొనన, మూత్రనాళం చుట్టూ ఉన్న గుంటలో పేరుకునే మడ్డిలో హాయిగా బతుకుతుంది. గుర్రానికి నలతే ఉండదు. ఆడగుర్రంలో గర్భాశయం బాగుపడ్డా, క్లిటోరిస్ దగ్గరి గుంటల్లో నెలల తరబడి నక్కి ఉంటుంది. గర్భాశయాన్ని మాత్రమే చూసి 'శుభ్రం' అంటే నమ్మకూడదు.

నివారణ చెప్పడానికి చప్పగానే ఉంటుంది. దాటించే కాలానికి ముందే ఆ గుంటల్లో దూదిపుల్లతో నమూనా తీయాలి. బొగ్గుపొడి కలిపిన మాధ్యమంలో ఉంచి, చల్లగా, 48 గంటల్లో లాబుకు చేర్చాలి. క్రిమి ఉంటే క్లోర్‌హెక్సిడిన్‌తో కడిగి, మందు పూసి, మళ్లీ మళ్లీ పరీక్షించాలి.

కృత్రిమ గర్భధారణతో పీడ వదలదా? మలక్‌పేటలో పరుగెత్తే థరోబ్రెడ్లకు ఆ దారే లేదు, సహజంగా దాటించి పుట్టినవాటినే నమోదు చేస్తారు. ఆ దారి ఉన్న గుర్రాలూ తప్పించుకోలేదు. 2008 డిసెంబరులో అమెరికాలోని కెంటకీలో, వీర్యం ఎగుమతికి ముందు చేసే మామూలు పరీక్షలో క్వార్టర్‌హార్స్ జాతి మగగుర్రం ఒకటి పట్టుబడింది. వీర్యం సేకరించే చోట పలు మగగుర్రాలను ఎక్కించేది ఒకే బొమ్మ గుర్రం మీదికి, వాడేది అవే పరికరాలు; వాటిని సరిగా కడగకపోతే క్రిమికి అవే వాహనాలు. చివరికి 48 రాష్ట్రాల్లో దాదాపు 1,000 గుర్రాల ఆచూకీ తీసి పరీక్షించాల్సి వచ్చింది.